తగలని లెంపకాయ

తన్నులు తినడం కూడా ఒక విద్యేనంటే నవ్వేవాళ్ళకి ఆ ఏడాది ఫిల్మ్‌నగర్ ఫైటర్లు గట్టి జవాబే చెప్పారు.

వాళ్ళంతా సినిమాల్లో హీరో చెయ్యి విసరగానే గాల్లోకి లేచి, బల్లలు విరగ్గొట్టుకుంటూ కుండల దొంతర మీద వెల్లకిలా పడేవాళ్ళు. రోజూ ఓడిపోవడమే వాళ్ళ ఉద్యోగం. అలాంటివాళ్ళు ఆదివారాలు కాలక్షేపానికి ఫుట్‌బాల్ మొదలుపెట్టి, బి డివిజన్ గెలిచేసి, తొంభై ఒకటిలో హైదరాబాద్ లీగ్ ఎ డివిజన్‌లోకి వచ్చిపడ్డారు. ఊరు పగలబడి నవ్వింది. "సినిమావాళ్ళు కదా, తోస్తే పడిపోతారు, వచ్చిన దారినే పోతారు" అని పత్రికలు రాశాయి. నిజమే, పడ్డారు. పడి లేచారు! వాళ్ళకి చేతనైన పనే అది. రాసినవాళ్ళ బుర్రకి ఆ మాత్రం తట్టకపోతే ఎవరేం చేస్తారు?

కెప్టెన్ బెన్‌హర్. గుడివాడ పక్క పల్లెలో పుట్టి, మద్రాసు వెళ్ళి, పరిశ్రమతో పాటు హైదరాబాద్ వచ్చి షేక్‌పేటలో కాపురం పెట్టాడు. హీరోలకి డూప్ వేసి మేడల మీంచి దూకీ దూకీ అతని వీపు రాష్ట్రమంతటికీ తెలుసు, మొహం మాత్రం పక్కవీధివాళ్ళకి కూడా తెలీదు. కోచ్ ఫైట్ మాస్టర్ వీరరాఘవయ్య. ఆయనకి ఫుట్‌బాల్ గురించి తెలిసింది గోరంత. కానీ ఒకే ఒక్క నియమం పెట్టాడు, దాన్ని కొండంత చేశాడు.

"ఒరేయ్, మీరెవరూ ఎవర్నీ కొట్టకూడదు. సెట్లో చెయ్యి చెంపకి వెంట్రుకవాసి దూరంలోంచి పోవాలి, తగలకూడదు. నిజంగా తగిలించినవాడు ఫైటరు కాదు, రౌడీ. మైదానంలోనూ అంతే. వాళ్ళు కొడితే పడండి, లేవండి, ఆడండి. చెయ్యెత్తాడో, వాడు నా మనిషి కాదు."

మొదటి మ్యాచ్‌లోనే ఎదుటివాళ్ళు కసిగా దిగారు. బంతిని వదిలేసి మనుషుల్ని తన్నారు. మోచేతులతో పక్కటెముకల్లో పొడిచారు, బూటు మేకులతో పిక్కలు చీల్చారు. గోల్‌కీపర్ హనుమంతు షేక్‌పేట మనిషి, జూబ్లీ హిల్స్ బంగళాల కోసం బండలు పేల్చే పని వదిలి ఫైటర్లలో చేరాడు. మూర్తీభవించిన ఓపిక. అలాంటివాడి ముక్కు పగిలి చొక్కా అంతా రక్తమైపోయింది.

"గిది ఆట గాదన్నా, కసాయి దుకాణం," అన్నాడు బెన్‌హర్‌తో. అని, ముక్కులో గుడ్డపీలిక కుక్కుకుని మళ్ళీ గోల్‌లో నిలబడ్డాడు.

చిత్రమేమిటంటే, కొట్టేవాడికే ముందు ఆయాసం వస్తుంది. ఫైటర్లు పడ్డప్పుడల్లా భుజం దొర్లించి బంతిలా లేచేవారు. రెండో సగానికి ఎదుటివాళ్ళలో ఇద్దరు ఎర్రకార్డు చూసి బయటికి పోయారు, మిగిలినవాళ్ళు నాలుకలు బయటపెట్టారు. ఫార్వర్డ్ ఆడే శాంతరాజు రెండు గోల్స్ కొట్టాడు. అలా మొదలైంది. వారం వారం తన్నులు తింటూ, కుట్లు వేయించుకుంటూ, గెలుస్తూ పోయారు. దసరా దాటేసరికి పట్టికలో రెండో స్థానం! నవ్విన నోళ్ళు మూతపడ్డాయి.

శాంతరాజు బెన్‌హర్ భార్య కరుణాకుమారికి తమ్ముడు. అత్తగారు ధనమ్మకి ఒక్కగానొక్క కొడుకు. పొలం పనులకి వెళ్ళి పిల్లలిద్దర్నీ పెంచిన మనిషి ఆవిడ, నోరూ చెయ్యీ రెండూ గట్టివే. కొడుకుని సినిమాల్లోకి పంపనంటే పంపనని మొండికేస్తే, బెన్‌హర్ ఆవిడ ముందు బైబిలు మీద చెయ్యి వేశాడు. "వాడి ఒంటి మీద దెబ్బ పడాలంటే ముందు నా మీద పడాలి అత్తయ్యా," అన్నాడు. ఆ ఒక్క మాట మీద పంపింది.

ఆ మాట గోల్కొండ రేంజర్స్‌తో మొదటిసారి ఆడిన రోజున మంటగలిసింది. వాళ్ళ డిఫెండర్ నర్సింగ్ దున్నపోతులాంటి మనిషి. బంతి ఎప్పుడో వెళ్ళిపోయింది. అయినా వాడు పరిగెత్తుకొచ్చి రెండు కాళ్ళతో శాంతరాజు మోకాలి కింద తగిలేలా దూకాడు. ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. మైదానం అవతలి చివర ఉన్న హనుమంతుకి కూడా వినిపించింది. పాదం ఒకవైపు, మోకాలు ఒకవైపు తిరిగిపోయి, ఎముక చర్మాన్ని చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. "బావా! బావా!" అని శాంతరాజు మట్టి గుప్పిళ్ళతో పట్టుకుని అరుస్తుంటే, గీత బయటనుంచి వీరరాఘవయ్య అంతకంటే గట్టిగా అరిచాడు, "కొట్టద్దురా! ఎవడూ చెయ్యెత్తద్దు!"

ఎవడూ ఎత్తలేదు. బెన్‌హర్ కూడా ఎత్తలేదు. రిఫరీ ఈల ఊది ఊరుకున్నాడు.

కాలు అతుకుతుంది గానీ పొట్టిగా అతుకుతుంది. ఇక దూకడం, పరిగెత్తడం కలలో మాటేనన్నాడు డాక్టరు. కబురు అందుకుని ధనమ్మ బస్సు దిగింది. కొడుకుని చూసింది, కట్టు మీద చెయ్యి వేసింది, ఏడవలేదు. అల్లుడి వైపు తిరిగింది.

"ఏవయ్యా, వాడి కాలు విరుగుతుంటే నీ చేతులేం చేస్తున్నాయి? గోళ్ళు గిల్లుకుంటున్నాయా?"

"మాస్టారు కొట్టద్దన్నారు అత్తయ్యా," అన్నాడు బెన్‌హర్. తలెత్తలేక, చెప్పకూడని మాట కూడా చెప్పాడు. "ప్రభువు కూడా ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్నాడు కదా."

"ఆయన చెంప సంగతి చెప్పాడు. కాలి సంగతి చెప్పలేదు. నాకే వాక్యాలు చెప్పొచ్చావా? వాడి చెంప పగలగొట్టి రా. అప్పుడు నా చేత్తో అన్నం పెడతా. అందాకా నీ పెళ్ళాం పెడుతుంది, తిను."

అన్నట్టే చేసింది ఆ మహాతల్లి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అల్లుడి కంచం దగ్గరికొచ్చేసరికి గరిట కూతురి చేతికిచ్చి లేచిపోయేది. చేపల పులుసు వాసన ఇల్లంతా గుప్పుమంటుంటే బెన్‌హర్ రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఆవిడ మాట కంటే అతణ్ణి ఎక్కువ కోసింది శాంతరాజు మౌనం. వాడు ఒక్కమాటైనా అనలేదు. అంటే బాగుండేదని బెన్‌హర్‌కి అనిపించేది.

సంక్రాంతి వెళ్ళాక లీగ్ ఆఖరి మ్యాచ్ వచ్చింది. మళ్ళీ రేంజర్సే. ఇద్దరికీ పాయింట్లు సమానం, గెలిచినవాళ్ళదే కప్పు. పెద్ద మైదానం మరమ్మతులో ఉందని ఆ మ్యాచ్ ఫిల్మ్‌నగర్ గుట్టల మధ్యనే పెట్టారు. బండల మీద, సగం కట్టిన బంగళాల గోడల మీద, స్టూడియో వ్యాన్ల మీద జనం. కొత్తగా వచ్చిన జట్టు మొదటి ఏడాదే కప్పు కొడుతుందా అని పరిశ్రమంతా కదిలొచ్చింది. శాంతరాజు చంకకర్రలతో వచ్చి గీత పక్కన నిలబడ్డాడు.

బెన్‌హర్ మాత్రం కప్పు కోసం రాలేదు. ముందురోజే తేల్చుకున్నాడు. ఇవాళ నర్సింగ్ చెంప పగలాలి, కప్పు పోతే పోనీ, మాస్టారు వెళ్ళగొడితే వెళ్ళగొట్టనీ.

ఆట మొదలవగానే నెత్తురు కళ్ళజూశారు. రేంజర్స్ వాళ్ళు ఒకడి కనుబొమ్మ చీల్చారు, ఇంకొకడి పన్ను రాలగొట్టారు. హనుమంతు బంతి పట్టుకుని పడుకుంటే పొట్టలో తన్నారు. వాడు మెలితిరిగిపోయాడు గానీ బంతి వదల్లేదు. ఫైటర్లు ఒక గోల్ కొట్టారు, రేంజర్స్ సమం చేశారు. బండల మీదనుంచి గులకరాళ్ళు పడుతున్నాయి. ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలీని గోల. ఆ గోలలో బెన్‌హర్ ఒక్కడే నోరు మూసుకుని తిరుగుతున్నాడు. నర్సింగ్ ఎటు పోతే అటు పోతున్నాడు.

బంతి గీత దాటి బయటికి పోయినప్పుడు ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. నర్సింగ్ గీత పక్కనున్న శాంతరాజుని చూశాడు, ఇకిలించాడు.

"మీ కుంటోనికి గుడ ఓ బంతి ఇయ్యరాదే?"

అంతే. బెన్‌హర్ కళ్ళు బైర్లు కమ్మాయి. కాలు వెనక్కి వేసి, నడుం తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా అరచేతిలోకి తెచ్చి విసిరాడు. జీవితంలో మొదటిసారి నిజంగా కొట్టాలని విసిరాడు. చంపేద్దామన్నంత కోపంతో విసిరాడు.

చెయ్యి తగల్లేదు.

చెంపకి వెంట్రుకవాసి దూరంలోంచి గాలి కోసుకుంటూ పోయింది. పదిహేనేళ్ళుగా వేలసార్లు పోయినట్టే, ఏ మాస్టరూ వంక పెట్టలేనంత శుభ్రంగా పోయింది. బెన్‌హర్ తప్పించలేదు, చెయ్యే తప్పించింది. ఛీ, నీ చెయ్యి పడిపోనూ! తన చేతిని తానే తిట్టుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

నర్సింగ్ మాత్రం పడ్డాడు. ఆ గాలికే బెదిరి, మొహం పట్టుకుని కట్టెలా కూలాడు. రిఫరీ సరిగ్గా కెమెరా ఉండాల్సిన చోట నిలబడి ఉన్నాడు. సినిమా దెబ్బ ఆ పక్కనుంచి చూసేవాడికి తగిలినట్టే కనపడాలి, కనపడింది. పరిగెత్తుకొచ్చి ఎర్రకార్డు తీశాడు. "కొట్టావు బావా! కొట్టావు!" అని శాంతరాజు చంకకర్ర పైకెత్తి ఏడుస్తూ అరిచాడు. వాడు నిలబడింది కూడా ఆ పక్కనే.

పదిమందితో ఆడి ఫైటర్లు ఓడిపోయారు. కప్పు రేంజర్స్ పట్టుకుపోయారు.

గోల సద్దుమణిగాక వీరరాఘవయ్య వచ్చి బెన్‌హర్ పక్కన బండ మీద కూలబడ్డాడు. "నేను ఇవతలి పక్కనుంచి చూశానురా. తగల్లేదు," అన్నాడు. బెన్‌హర్ ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. కప్పూ పోయింది, పగా తీరలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే తనే.

ఆ రాత్రి అతను ఇంటికి పోలేదు. మర్నాడు మధ్యాహ్నం తప్పనిసరై వెళ్తే, ధనమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది. పీట వేసింది. తన చేత్తో అన్నం పెట్టి, పులుసులోంచి ఏరి పెద్ద ముక్క వేసింది.

"శాంతరాజు అంతా చెప్పాడు. తిను నాయనా," అంది.

బెన్‌హర్ ముద్ద కలిపాడు. నోటిదాకా వెళ్ళలేదు. చెప్పేద్దామా అనుకున్నాడు, శాంతరాజు వెలిగిపోతున్న మొహం చూసి మానుకున్నాడు. అంతలో వాకిట్లో వీరరాఘవయ్య గొంతు వినిపించింది. ఆయన వెనక తల వంచుకుని నర్సింగ్ ఉన్నాడు.

"అమ్మా, సాయంత్రం లీగ్ కమిటీ విచారణ ఉంది. మీ అల్లుడు కొట్టాడని సస్పెండ్ చేస్తారట," అన్నాడు వీరరాఘవయ్య. "పొద్దున్నే వీడి ఇంటికెళ్ళి నిలదీశాను. నిజం చెప్తానని వచ్చాడు."

నర్సింగ్ గొంతు సవరించుకున్నాడు. "గాయన నన్ను కొట్టలేదమ్మా. సేయి గిట్ల ముంగటి నుంచి పోయింది, తగలలే. నేనే బయపడి పడ్డ. గా ముచ్చట కమిటీల చెప్త. గీ పోరని కాలు..." అని శాంతరాజు వైపు చూసి ఆగాడు. "గింత అయితదనుకోలేదు. తప్పయింది."

శాంతరాజు మొహం మాడిపోయింది. బెన్‌హర్ కంచంలో చూపు పెట్టుకుని, భూమి చీలితే బాగుండుననుకున్నాడు.

ధనమ్మ లేచింది. పులుసు గరిట కింద పెట్టింది, చెంగుతో చెయ్యి తుడుచుకుంది. తీరుబడిగా నర్సింగ్ ముందుకొచ్చి, మునివేళ్ళ మీద లేచి, లాగి ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడుకి వీధిలో కుక్కలు మొరిగాయి. దున్నపోతులాంటి మనిషి గోడకి కొట్టుకుని జారి కింద కూర్చున్నాడు. నాట్లు వేసి, కుప్పలు నూర్చిన చెయ్యి అది. ఐదు వేళ్ళూ చెంప మీద ఎర్రగా తేలాయి.

"ఇది నా కొడుకు కాలికి," అంది ధనమ్మ రొప్పుతూ. "రెండో చెంప సంగతి ప్రభువు చూసుకుంటాడు." తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "నీ చేతికి తప్పించడం అలవాటు, నేనేం చెయ్యను. నా చేతికి ఆ అలవాటు లేదు. తిను." నర్సింగ్‌కేసి చూసి, "లే. నువ్వూ కాళ్ళు కడుక్కో. తప్పయిందని వచ్చినవాణ్ణి పస్తు పంపను," అని ఇంకో కంచం తెచ్చింది.

వీరరాఘవయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా! ఈ చెంప వేసుకెళ్ళి 'నన్ను కొట్టలేదు' అంటే ఏ కమిటీ నమ్ముతుంది?"

నమ్మలేదు. సాయంత్రం నర్సింగ్ తల్లి మీద ఒట్టేసి మరీ చెప్పాడు, తనని ఎవరూ కొట్టలేదని. కమిటీ పెద్దమనిషి కళ్ళద్దాలు పెట్టుకుని, వాడి గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పి చూశాడు.

"నిన్నటి దెబ్బ ఇవాళ్టికీ ఐదు వేళ్ళూ కనపడుతున్నాయి. బెదిరించి తీసుకొచ్చారా నిన్ను? ఎవరివయ్యా ఈ వేళ్ళు?"

నర్సింగ్ చెంప తడుముకున్నాడు. వీరరాఘవయ్య చూపు గది పైకప్పు మీదికి పోయింది. గుమ్మం దగ్గర చంకకర్రల మీద వాలి శాంతరాజు బావ వైపే చూస్తున్నాడు. బెన్‌హర్ తన కుడి అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నావేనండి," అన్నాడు.

ఏడాది పాటు ఆడకూడదన్నారు. అలాగేనండి అని చెప్పి, శాంతరాజు చంక కింద చెయ్యి వేసి మెట్లు దింపుకుంటూ ఇంటికి బయల్దేరాడు.