పుడిసెడు నీళ్లు

ఏలూరు కాలవ మీద ముప్ఫయ్యేళ్లు పడవ నడిపిన భీమరాజుకి నీళ్లంటే ఎన్నడూ భయం లేదు. ఇప్పుడు బాయిలరులో నీటిమట్టం చూపే జానెడు గాజు గొట్టంలో నీళ్లు చూస్తే భయమేస్తోంది.

మోటారు లారీలొచ్చాక కాలవ మీద సరుకు తగ్గి, షావుకారు పడవ అమ్మేశాడు. యాభై నాలుగో ఏట భీమరాజు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యపు మిల్లులో బాయిలరు పని నేర్చుకోవడానికి చేరాడు. నేర్పే మేస్త్రీ అహరోను కొడుకు ఈడువాడు. నెల గడువు నేటితో సరి. తనంతట తాను ఆవిరి లేపగలిగితే పని ఖాయం. లేకపోతే ఇంటికే. ఈ వయసులో ఇంకెవరూ పిలిచి పనివ్వరు.

“అలా చూస్తారేంటండీ బాబాయి గారూ? అదేం మొసలి కాదు, కరవదు” అన్నాడు అహరోను.

“మొసలైతే తెడ్డుతో కొట్టేవాణ్ణి బాబూ. దీన్ని దేంతో కొట్టను?”

“కొట్టకండి. గొట్టం పగిలితే మాత్రం పరిగెత్తకండి. పైనొకటి, కిందొకటి కుళాయిలున్నాయి కదా, కట్టెయ్యండి.” అహరోను ఇంజను గదిలోకి వెళ్లాడు.

భీమరాజు పొయ్యిలో ఊక పోశాడు. మంట గర్జించింది. ఇనుము లోపల ఏదో మూలిగింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీతకి దగ్గరపడింది.

“ఇంజను తిప్పమంటారా?” అవతల్నించి అహరోను కేక.

పడవ కదిలే ముందు పుడిసెడు నీళ్లు మొన మీద చల్లి దణ్ణం పెట్టడం ముప్ఫయ్యేళ్ల అలవాటు. ఆ ఇనపకొండలో గంగమ్మ కనిపించే చోటు గాజు గొట్టం ఒక్కటే. పక్కనున్న బిందెలో చెయ్యి ముంచి, “తల్లీ, నువ్వే దిక్కు” అంటూ ఆ గొట్టం మీద చల్లాడు.

చన్నీళ్లు పడగానే కాగిన గాజు ఫట్‌మంది. ఆవిరి బుస్సుమని గదంతా కమ్మేసింది.

“పేలిందిరోయ్!” ఊక మోసే కూలీలు పరుగెత్తారు. భీమరాజూ గుమ్మం దాకా పరుగెత్తాడు. అక్కడికి రాగానే, ఇంజను గదిలో ఉన్న అహరోను గుర్తొచ్చాడు. పడవ మునిగేటప్పుడు దాన్ని నడిపే సరంగు అందరికన్నా ఆఖర్న దిగాలి. తలగుడ్డ చేతికి చుట్టుకుని వెనక్కి వెళ్లాడు. కళ్లు కనబడలేదు. తడిమి కింది కుళాయి కట్టాడు. పైది కట్టేసరికి చెయ్యి బొబ్బలెక్కింది.

అహరోను పరుగున వచ్చాడు. “ఎలా పగిలిందండీ?”

చల్లడం ఎవరూ చూడలేదు. అయినా భీమరాజు దాచలేదు.

“నేనే బాబూ. నీళ్లు చల్లాను.”

అహరోను పగిలిన గాజు ముక్కల్ని కాలితో పక్కకి నెట్టాడు. “గాజులు పెట్టెలో ఇంకా ఉన్నాయి లెండి. రేపు పొద్దున్నే పనిలోకి రండి. గంగమ్మకి మాత్రం రేవులోనే దణ్ణం పెట్టి రండి.”

మర్నాడు భీమరాజు రేవులో పుడిసెడు నీళ్లు తీసి కాలవలోకే చల్లాడు. మిల్లు పొగగొట్టం చూడగానే మళ్లీ భయమేసి ఆగాడు. బొబ్బల్లేని అరచెయ్యి పంచెకేసి పొడిగా తుడుచుకుని లోపలికి నడిచాడు.