జింజ్‌లో దించిన కర్టెన్లు

బహ్రెయిన్‌లోని జింజ్ పేటలో ఆ ఇంటి వెనక సందులో లాండ్రీ వ్యాను ఆపగానే వెంకటరాజు చూపు కిటికీల మీద పడింది. పొద్దెక్కినా కర్టెన్లన్నీ దించే ఉన్నాయి.

అతను బి.ఏ. చదివాడు. భార్య పోయాక బహ్రెయిన్ వచ్చి, గుదైబియా పేటలోని లాండ్రీకి ఇంటింటా బట్టలు పోగుచేస్తున్నాడు. ఈ ఇంట్లో ఇంగ్లీషు దొరసాని ఒక్కతే ఉంటుంది. ఆమెకు పనిమనిషి కావాలంటే ఉప్పాడ నుంచి నాగమల్లేశ్వరిని పిలిపించింది అతనే. "మీ మాట మీద పంపుతున్నానండీ," సెలవుకు వెళ్లిన అతనితో అన్నాడు నాగమల్లేశ్వరి మొగుడు లోవరాజు, పడవ తాడు చుడుతూ.

దొరసాని తను చదివేసిన నవలలు వెంకటరాజుకు ఇచ్చేది. ఈసారిది ఇంగ్లండులోని చిన్న ఊళ్ల కథ. ఒక పెద్దావిడ ఊరూరా ఇల్లు మారుతూ, పనిమనుషులకు తన చేత్తో టీ కలిపి ఇచ్చి చంపేది. పగలు కర్టెన్లు దించి ఉంటే ఆ ఇంట ఎవరో పోయారని ఆ ఊళ్లవాళ్లకు అర్థమయ్యేది. బట్టలు మూటకడుతూ నాగమల్లేశ్వరి ఆ కథ అతని నోట రోజుకింత వినేది.

ఇవాళ ముగ్గుపిండి డబ్బాతో పెరటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, ఆవిడ వాలకం ఏం బాగోలేదండి," అంది గొంతు తగ్గించి. "నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. అది పెట్టేసి వైరు పీకేసింది. ఆనక కర్టెన్లన్నీ దించేసింది. నన్ను వీధి గుమ్మం దాటొద్దంది."

"ఒంట్లో బాగాలేదేమోనమ్మా."

"నన్నే చూస్తా ఉందండి. పొద్దున్న తనే టీ పెట్టి, కుర్చీలో కూచోబెట్టి మరీ ఇచ్చింది. ఒకటే తీపి, పాకంలాగ."

వెంకటరాజు ఒక అడుగు ముందుకేశాడు. "తాగావా?"

"మీ కథ విన్నాక ఎవరు తాగుతారండీ? మొక్కలో పోసేశాను."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అతనికీ రాలేదు. కర్టెన్లు దించారంటే చావే. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇంకా బతికే ఉన్నారు, అనుకున్నాడు. లోవరాజుకు ఏమని జవాబు చెప్పాలి?

"నువ్వు ఇక్కడే ఉండు. ముగ్గేసుకో. నేను మాట్లాడొస్తా."

వంటగది చీకటిగా ఉంది. బల్ల మీద ఇంకో కప్పు టీ, పక్కన చక్కెర సీసా. దొరసాని ఆ చీకట్లోనే కూర్చుని ఉంది.

"తలుపు వెయ్యి," అంది ఇంగ్లీషులో.

అతను వేశాడు. చెయ్యి గడియ మీదే ఉంచాడు.

"నీకోసమే చూస్తున్నాను. ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు." దొరసాని కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. "వాళ్ల ఊరి డాక్టరు ఫోన్ చేశాడు. సముద్రంలో పడవ తిరగబడిందట. ఆమె భర్త శవం దొరికిందట. నా వచ్చీరాని మాటల్లో ఆమె అది వినకూడదు. ఇంకెవరో ఫోన్లో అనెయ్యకూడదని వైరు తీసేశాను. మా ఊళ్లో అయితే కర్టెన్లు దించుతాం. దుఃఖం తట్టుకోడానికి బాగా చక్కెర వేసి టీ ఇస్తాం. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఆమె నన్ను చూసి భయపడుతోంది."

వెంకటరాజు గడియ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ కప్పును మెల్లగా ఆమె వైపు జరిపాడు.

బయటికొచ్చేసరికి నాగమల్లేశ్వరి సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుని పద్మం వేస్తోంది. చావు కబురు చేరిన ఇంట ముగ్గు పడదు. ఆ కబురు ఇంకా ఆమెకు చేరలేదు. రెండు రేకులు మిగిలాయి.

"ఏమందండీ ఆవిడ?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"ముందు అది పూర్తి చెయ్యమ్మా."

ఆమె వేళ్ల సందుల్లోంచి పిండి సన్నగా జారింది. ఒక రేకు అయింది. రెండోది ఎప్పటికన్నా నిదానంగా వేసింది. చెయ్యి దులుపుకుని, డబ్బా మూత పెట్టి, అతని ముఖంలోకి చూసింది.