మగ్రిబ్ వేళకు చచ్చే బాక్సులు

ఓరాన్ నగరంలోని ఎల్ హమ్రీ పేటలో డిష్ బాక్సులు వాటంతట అవి చావవనీ, వాటిని కంపెనీయే చంపుతుందనీ, అదీ సాయంత్రం మగ్రిబ్ నమాజుకు పిలుపు వినిపించే వేళ చూసి మరీ ఆకాశం నుంచి డిష్ గుండా ఒక సిగ్నల్ తూటా వదులుతుందనీ అందరికీ తెలుసు. తెలియనివాడెవడైనా ఉంటే, షారెఫ్ క్షౌరశాలలో గడ్డం గీయించుకోవడానికి కూర్చునే వరకే. కత్తి గొంతు మీద ఉన్నప్పుడు మనిషి దేన్నయినా నమ్ముతాడు.

ఆ పేటలో బాక్సులన్నీ తాళం పగలగొట్టినవే. కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి, ఊరూ పేరూ తెలియని పుణ్యాత్ముడెవడో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, డబ్బు కడితేగాని తెరుచుకోని ఫుట్‌బాల్ చానెళ్లు బార్లా తెరుచుకునేవి. కంపెనీ తాళం మార్చినప్పుడల్లా ఆ పుణ్యాత్ముడు కొత్త తాళంచెవి తయారు చేసేవాడు. అది పెన్‌డ్రైవ్ ఎక్కి, పెళ్లి కబురు కన్నా వేగంగా ఇంటింటికీ తిరిగేది. ఇందులో పాపమేమైనా ఉందా అన్న సందేహాన్ని కాఫీ హోటల్ యజమాని హాజ్ బూజియాన్ ఎన్నడో తీర్చేశాడు. "ఆకాశం ఎవడిది? దేవుడిది. దేవుడి ఆకాశంలోంచి వచ్చేదానికి తాళం వేసినవాడు దొంగా, తీసినవాడు దొంగా?" అన్నాడాయన. మక్కా వెళ్లొచ్చిన మనిషి అంతమాట అన్నాక, తక్కినవాళ్లు నిశ్చింతగా మ్యాచ్‌లు చూశారు.

ఆ వారం కొత్త తాళంచెవి వచ్చింది. పనుల నుంచి ఇళ్లకు చేరినవాళ్లు చేరినట్టే దాన్ని బాక్సులకు ఎక్కించడం మొదలుపెట్టారు. చీకటి పడేసరికి పేటలో ఎక్కించిన బాక్సులన్నీ చచ్చాయి. హాజ్ హోటల్లో పెద్ద టీవీ కింద ఉన్నదీ చచ్చింది. మీట నొక్కితే దాని ముఖాన ఒక ఎర్రదీపం వెలుగుతుంది, "బూట్" అన్న మాట కనిపిస్తుంది, అంతే. పొద్దస్తమానం అదే మాట. లేస్తానంటుంది గాని లేవదు.

బతికి బట్టకట్టిన బాక్సు ఒక్కటే. అది జెల్లూల్‌ది. అదే అతని కొంప ముంచింది.

జెల్లూల్ సరుకు ఓడల మీద రేడియో ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాడు; పేటవాళ్లకు మాత్రం కెప్టెనే. మీటరు ముల్లు కదిలితే నమ్ముతాడు, కదలకపోతే నమ్మడు. మసీదు గడప తొక్కేది స్నేహితుల అంత్యక్రియల నమాజులకే; అప్పుడూ వెనక వరసలోనే నిలబడతాడు. ఇన్నేళ్లుగా అతనికి ఉన్న ఆచారమల్లా ఒకటే: మధ్యాహ్నం దాటాక హాజ్ హోటల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, హాజ్‌కు జోడీగా డామినోలు ఆడడం. భార్య పోయాక రోజులో అతను మనుషులతో మాట్లాడేది ఆ కుర్చీలోనే. బాక్సులు చచ్చిన వారానికి ఒకరోజు వచ్చేసరికి ఆ కుర్చీ బల్ల మీద తలకిందులుగా ఉంది.

"ఈ కుర్చీకి ఏమైంది?"

"కాలు విరిగింది," అన్నాడు హాజ్, గ్లాసు తుడుస్తూ, అతని వైపు చూడకుండా.

జెల్లూల్ పైకి లేచి ఉన్న కాళ్లను ఒక్కొక్కటే పట్టి ఊపి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"కాలు కాదు కెప్టెన్, దానికి చెవులు మొలిచాయి," అన్నాడు షారెఫ్. క్షౌరశాలలో గిరాకీ లేనప్పుడు అతని మకాం అక్కడే. "ఇక్కడ అనుకున్న మాటలు కంపెనీకి చేరుతున్నాయి. అందరి బాక్సులూ పోయి నీదొక్కటే మిగలడమేమిటి? కంపెనీ సొంత మనిషిని కాల్చుకుంటుందా?"

హోటల్ కిటికీకి అవతల బండి పెట్టుకుని వేడి వేడి కరంటికా అమ్మే హాజ్జా ఖీరా, శనగపిండి ముద్దను కత్తితో కోస్తూనే అందుకుంది. "నా టర్కీ సీరియల్లో పెళ్లికూతురు మెట్ల మీద ఆగిపోయింది నాయనా. దిగిందో, పారిపోయిందో తెలియక నాకు నిద్ర లేదు. ఆ పాపం ఎవరిది?"

"నాది కాదు హాజ్జా."

"మరి నీ ఒక్కడి ఇంట్లో సీరియల్ ఎందుకు ఆగలేదు?"

జెల్లూల్ హాజ్ వైపు తిరిగాడు. "నువ్వూ ఇదే అంటావా?"

హాజ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనేమీ అనను. ఇవాళ రాత్రి మన దేశం మ్యాచ్ ఉంది. ఈ టీవీ వెలగకపోతే జనమంతా రైల్వే స్టేషన్ దగ్గరి హోటల్‌కు పోతారు. పోతూ పోతూ నీ పేరే చెబుతారు. వాళ్ల నోళ్లు నేను మూయలేను."

"నేను దీన్ని బాగుచేస్తే?"

"చేస్తే నువ్వే చంపావని రుజువు," అన్నాడు షారెఫ్. "విషం పెట్టినవాడికే విరుగుడు తెలుస్తుంది."

"చేయకపోతే?"

"నీ మనసులో కుళ్లుందని రుజువు."

"బాగుంది. దొంగకు రెండు దారులుంటాయంటారు, నాకు అవీ మిగల్లేదు," అని జెల్లూల్ ఇంటికి వెళ్లి పాత లాప్‌టాప్, మీటరు, ఒక తీగ తెచ్చుకున్నాడు.

కుర్చీ లేదు కాబట్టి నిలబడే పని మొదలుపెట్టాడు. ముందు కరెంటు చూశాడు. సరిపడా వస్తోంది. తర్వాత బాక్సు వీపున, ఇంతవరకూ ఎవరూ వాడని రంధ్రంలో తీగ గుచ్చి, రెండో కొస లాప్‌టాప్‌కు తగిలించి, మీట నొక్కాడు. బాక్సు తనలో తాను గొణుక్కునే మాటలన్నీ లాప్‌టాప్ తెర మీద వరసగా పడ్డాయి. నిద్ర లేచాను, జ్ఞాపకశక్తి ఉంది, సాఫ్ట్‌వేర్ వెతుకుతున్నాను, దొరికింది, చదువుతున్నాను... అక్కడ ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ సగమే ఉంది. సగం రాసి వదిలేసిన ఉత్తరంలా.

"చావలేదు," అన్నాడు జెల్లూల్. "లేపే చిన్న ప్రోగ్రాము బాగానే ఉంది. అది లేపాల్సిన పెద్దది సగంలో తెగింది. ఈ తీగలోంచి మళ్లీ రాయొచ్చు."

"సగంలో తెంపింది తూటాయే," అన్నాడు షారెఫ్.

జెల్లూల్ లాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. "హాజ్, ఆ సాయంత్రం నువ్వేం చేశావో వరసగా చెప్పు."

"చెయ్యడానికేముంది? పెన్‌డ్రైవ్ పెట్టాను. తెర మీద గీత నిండుతోంది. అజాన్ వినిపించింది. నమాజుకు వెళ్లాను. వచ్చేసరికి ఇదీ సంగతి."

"ఇంకేమీ ముట్టుకోలేదా?"

"లేదన్నానుగా. ప్రమాణం చెయ్యనా?"

"వద్దు. ప్రమాణాలు కొలిచే మీటరు నా దగ్గర లేదు."

హాజ్జా ఖీరాను అడిగితే ఆమె కథా అక్షరం పొల్లు పోకుండా అదే. జెల్లూల్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు. కాని ఏళ్ల తరబడి అలవాటైన పని మనిషికి పనిలా కనిపించదు. ఊపిరి పీల్చానని ఎవరూ చెప్పరు కదా. అతనికి ఒక అనుమానం తట్టింది. దాన్ని నోటితో చెబితే షారెఫ్ నాలుక ముందు నిలవదనీ తెలుసు.

అందుకని పని ఆపి కాఫీ తెప్పించుకున్నాడు. నిలబడే తాగాడు. ఎండ ఎదురింటి పిట్టగోడ ఎక్కేదాకా ఏమీ చేయలేదు.

"ఏమిటా సోమరితనం కెప్టెన్? కంపెనీ అనుమతి రావాలా?" అన్నాడు షారెఫ్.

"రాత్రి దాకా వ్యవధి ఉందిగా," అన్నాడు జెల్లూల్. ఎండ పిట్టగోడ దాటాక బాక్సు వెనక నుంచి డిష్ తీగ మర తిప్పి ఊడదీశాడు. దాన్ని చుట్టచుట్టి బల్ల మీద డామినోల పక్కన పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లాప్‌టాప్‌లో మీట నొక్కాడు. గీత కదిలింది. హోటల్లో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. హాజ్జా ఖీరా కత్తి పట్టుకునే కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. గీత పావు నిండింది. సగం నిండింది. సగం దాటింది.

మసీదు మీంచి మగ్రిబ్ పిలుపు వినిపించింది.

హాజ్ బూజియాన్ దేవుణ్ని తలచుకుని లేచాడు, టోపీ సర్దుకున్నాడు. గీత మీంచి చూపు తిప్పకుండానే కుడికాలు ముందుకు చాచి, బల్ల కింద ఉన్న ప్లగ్గుల పట్టీ మీద ఎర్రమీటను చెప్పు మొనతో నొక్కాడు. దేవుడి పిలుపు వినిపించేటప్పుడు ఆ హోటల్లో మరో గొంతు వినిపించకూడదని ఆయన తండ్రి కాలం నుంచీ నియమం. టీవీ, రేడియో, ఫ్యాను, బాక్సు అన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. కాఫీ యంత్రం మాత్రం వేరే ప్లగ్గు మీద ఉంది. కాఫీ ఎవరి ప్రార్థనకూ అడ్డురాదు.

లాప్‌టాప్ తెర మీద గీత ఉన్నచోటే ఆగింది.

"చూశారుగా," అన్నాడు షారెఫ్ లోగొంతుకతో. "సరిగ్గా అజాన్‌కే. మళ్లీ కాల్చారు."

అందరూ పైకప్పు వైపు చూశారు. జెల్లూల్ ఒక్కడే నేల వైపు చూశాడు. అతని చూపు వెంట హాజ్ కూడా చూశాడు. చెప్పు ఇంకా మీట మీదే ఉంది. ఆయన దాన్ని, వేడి పెనం మీంచి తీసినట్టు, వెనక్కి లాక్కున్నాడు.

"ఇది... నేను రోజూ చేసేదేగా," అన్నాడు.

"రోజూ బాక్సు ఊరికే పాడుతూ ఉంటుంది హాజ్. ఆ పూట రాసుకుంటోంది."

కిటికీలోంచి హాజ్జా ఖీరా నెమ్మదిగా అంది: "అజాన్‌కు నేనూ కట్టేస్తాను. ఈ పేటలో కట్టెయ్యని ఇల్లేది?" ఉన్నట్టుండి ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "నువ్వు కట్టెయ్యవా నాయనా?"

"ఆ పూట సార్డీన్ చేపలు వేయిస్తున్నాను హాజ్జా. బాక్సు దాని మానాన అది రాసుకుంటోంది."

"నరకానికి పోతావు."

"పోతే పోతాను. మీ పెళ్లికూతురు మెట్లు దిగిందని మాత్రం చూసే పోతాను."

"దిగిందా?"

"దిగింది. కాని పెళ్లికొడుకు వేరు."

హాజ్జా ఖీరా ఆ మాట జీర్ణించుకోవడానికి బండి దగ్గరికి వెళ్లిపోయింది. హాజ్ బల్ల మీది కుర్చీని దించి, కిటికీ పక్కన పెట్టి, చొక్కా చేత్తో దుమ్ము దులిపాడు. క్షమాపణలు ఆయనకు చేతకావు.

"కూర్చో. మళ్లీ ఎక్కించు. రాత్రి ఇషా నమాజు పిలుపు లోపల అవుతుందా?"

"నీ కాలు నీ దగ్గర ఉంచుకుంటే అవుతుంది."

హాజ్ నమాజుకు వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పులు రెండూ విప్పి, వాటిని అపనమ్మకంగా చూసి, మళ్లీ వేసుకున్నాడు. షారెఫ్ మాత్రం కదల్లేదు. వారం రోజులు కత్తికి సానపట్టినట్టు సానపట్టిన పుకారును ఒక చెప్పు కోసం వదులుకోవడం అతనికి కష్టంగా ఉంది.

"హాజ్ కాలు హాజ్‌దే, కాదనను," అన్నాడు. "కాని కంపెనీ తూటా కూడా అదే క్షణంలో డిష్ లోంచి దిగి ఉండొచ్చు. రెండూ కలిసి పడ్డాయి. అది కాదని నువ్వెలా అంటావు?"

ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. జెల్లూల్ తన కుర్చీలో వెనక్కి వాలి, డామినోల పక్క నుంచి తీగ కొసను రెండు వేళ్లతో ఎత్తి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. డిష్ నుంచి గోడ గుండా లోపలికి వచ్చిన తీగ అదొక్కటే. ఇందాక బాక్సు మళ్లీ చచ్చినప్పుడు అది బాక్సుకు తగిలించి లేదు.