చాప మీద కూర్చున్న కంపెనీ

మోకాళ్ళు పీకుతున్నాయి కాబోలు ఆ దొరకి, ఇటు సర్దుకుంటాడు అటు సర్దుకుంటాడు, కూర్చోనీ, ఇంకాసేపు కూర్చోనీ, నా మొగుడు ఎమొరి మూడు నెలలుగా ఆ చాప మీదే గోడకానుకుని ఎడంచేత్తో కర్రపెండలం తుంచుకోవడం నేర్చుకుంటున్నాడు, హోటల్ మేనేజరు గ్రాంట్‌గారికి మా ఇంటి దారి ఇన్నాళ్ళకి తెలిసింది, పూలచొక్కా తొడుక్కుని, మా మగవాళ్ళలా నడుముకి గుడ్డ చుట్టుకుని మరీ వచ్చాడు, ఆ వేషం ఎవరు నేర్పారో నాకు తెలియదా, పక్కన కూర్చున్నాడే సకియుసా, వాడే, హోటల్లో ఉద్యోగుల సెలవులూ జీతాలూ చూసే పెద్దమనిషి, పక్క ఊరివాడు, మా పద్ధతులన్నీ ఉగ్గుపాలతో తాగినవాడు, అందుకే వాడి ఒళ్ళో తబువా ఉంది, తాడు కట్టిన తిమింగలం పన్ను, తప్పు చేసినవాళ్ళు దాన్ని తెచ్చి ఇంటిపెద్ద ముందు పెట్టి తల వంచితే, పెద్ద చేతుల్లోకి తీసుకుంటే, గొడవ పూడ్చిపెట్టేసినట్టే, మళ్ళీ ఎవరూ తవ్వకూడదు, ఎంత తెలివి, ఒక పన్ను ఇచ్చి ఒక చెయ్యి పట్టుకుపోదామని వచ్చారు, సిగ్గులేని మనుషులు.

ఆడవాళ్ళం వంటగది గుమ్మం దగ్గర కూర్చున్నాం, ఇక్కణ్ణించి ఎమొరి వీపు కనిపిస్తోంది, ముడుచుకుపోయిన వీపు, లాండ్రీలో పక్కదుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ ముందు ఆ వీపు ఎంత నిటారుగా ఉండేది, ఆ రోలర్ నోటికి అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీ ఊడిపోయిందని ఒకసారి చెప్పాడు, మళ్ళీ చెప్పాడు, సీజను అవనీ చూద్దాం అన్నారు, ఖర్చులు తగ్గించాలట, రాత్రి షిఫ్టు బస్సు తీసేశారు, వారానికోసారి వచ్చే డాక్టర్ని మాన్పించారు, అయినా కుటుంబ దినోత్సవానికి కేకు మాత్రం ఆపలేదు, మనమంతా ఒకే కుటుంబం అని దాని మీద క్రీముతో రాయించారు, నేనూ తిన్నాను ఆ కేకు, రోలర్ కింద చెయ్యి పోయిన మర్నాడే కొత్త జాలీ బిగించారు, తళతళలాడుతూ, జాలీ లేదంటారేమిటి, ఉందిగా అన్నారు, ఎమొరిదే అజాగ్రత్త అన్నారు, సొంత అజాగ్రత్త అయితే జీతంతో సెలవు లేదు, వైద్యం ఖర్చు లేదు, పరిహారం లేదు, కంపెనీ నియమం అట, ఆ మాట చెప్పడానికి వచ్చినవాడు ఒక బుట్ట తెచ్చాడు, హోటల్ గదుల్లో పెట్టే బుల్లి సబ్బులూ బుల్లి షాంపూలూ, త్వరగా కోలుకోవాలని, ఏ చేత్తో రుద్దుకోమనిరా.

లేబర్ ఆఫీసులో ఆవిడ మంచిదే, అమ్మా ఉనైసీ, నువ్వు అబద్ధం చెప్తున్నావని నేననను, కానీ జాలీ లేదని చూసినవాళ్ళనో, లేదని కంపెనీవాళ్ళ నోట విన్నవాళ్ళనో ఒక్కరినైనా తీసుకురా, లేకపోతే నా చేతిలో ఏమీ లేదు అంది, చూసినవాళ్ళెవరు, వాసితి చూసింది, అదే రోలర్ దగ్గర అటువైపు నిలబడే పిల్ల, దాని ఇంటికి వెళితే గుమ్మంలోనే ఏడ్చేసింది, అక్కా నన్నడక్కు, నా ఉద్యోగం పోతే నాకెవరు పెడతారు అని, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు, అందరి గొంతూ వాళ్ళ గుప్పిట్లోనే ఉంది, పొద్దున పెదమామ నాసోనీకి చెప్పాను, మా మామగారి అన్నగారు, ఈ ఇంటికి ఆయనే పెద్ద, పెదమామా నీ కాళ్ళు పట్టుకుంటాను, వాళ్ళు తెచ్చే పన్ను ముట్టుకోకు అన్నాను, ఇంటికొచ్చి తల వంచినవాణ్ణి వెళ్ళగొడితే మనమేం మనుషులమే పిల్లా అన్నాడు, అయిపోయింది, ముసలాయన మెత్తన, పన్ను అందుకుంటాడు, మా నోళ్ళు మూతపడతాయి, అదిగో సకియుసా ముందుకు జరిగాడు, పన్ను రెండు చేతులా ఎత్తాడు, ఎంత నంగనాచి గొంతు, అయ్యా, జరగకూడనిది జరిగింది, దురదృష్టం, పెద్దమనసుతో మమ్మల్ని మన్నించండి అంటున్నాడు, దురదృష్టమట, వాడి మొహాన ఏదన్నా విసిరేద్దామని చెయ్యి దురద పెడుతోంది, దగ్గర్లో ఖాళీ గిన్నె తప్ప ఏమీ లేదు.

పెదమామ చేతులు చాచలేదు, ఎందుకు చాచలేదు, ఏం జరిగిందో చెప్పు నాయనా అంటున్నాడు మెల్లగా, దురదృష్టాన్ని నేను మన్నించేదేముంది, తప్పు చేస్తే కదా మన్నించేది, నీ తాత ఇదే చాప మీద మా నాన్న ముందు కూర్చుని చేసిన తప్పు నోరారా చెప్పుకున్నాడు, నువ్వూ చెప్పు, లేకపోతే పన్ను పట్టుకుని లే, సకియుసా చెమట తుడుచుకున్నాడు, దొర వైపు చూశాడు, మా భాష ముక్క రాని దొర నవ్వుతూ తలూపాడు, కానివ్వు కానివ్వు అన్నట్టు, జాలీ లేదయ్యా, ఎమొరి రెండుసార్లు చెప్పాడు, ఖర్చని మేమే వాయిదా వేశాం, మర్నాడు బిగించాం, తప్పు మాదే, అన్నాడు సకియుసా, తల చాపకి ఆనేలా వంగి, ఎమొరి వీపు కదిలింది, ఏడుస్తున్నాడు, మూడు నెలల్లో ఇదే మొదలు, నాకు మాత్రం ఏడుపు రావడం లేదు, చుట్టూ చూస్తున్నాను, పాస్టరుగారు విన్నారు, ఊరి హెడ్‌మన్ విన్నాడు, ఆరోగ్యకేంద్రం నర్సు విన్నది, కిటికీ బయట నిలబడ్డవాళ్ళందరూ విన్నారు, వీళ్ళలో ఒక్కరికీ ఆ హోటల్ జీతం ఇవ్వదు.

తీసుకో పెదమామా, తీసుకున్నాడు, మగవాళ్ళు అరచేతులు దొప్పల్లా ముడిచి ఒప్పుదల చప్పట్లు కొట్టారు, దొర కూడా కొట్టాడు, పని అయిందని, పాపం, నాకు వాళ్ళ మీద ఇక కోపం ఉండకూడదు, పద్ధతి అది, సరే, కోపం పూడ్చేస్తాను, పన్ను అందుకున్నది కోపానికే కానీ చేతికి కాదు, వైద్యం ఖర్చుకి కాదు, రేపు పొద్దున్నే లేబర్ ఆఫీసుకి వెళతాను, కోపం లేకుండానే వెళతాను, ఒక్కదాన్ని మాత్రం వెళ్ళను.