మెలానియా ఇంట పెళ్లి

ఉక్రెయిన్‌లో ఒక పల్లెలోని ప్రార్థన మందిరాన్ని సోవియట్ సర్కారు గోధుమల గోదాం చేసేసినప్పటి నుంచి విశ్వాసులు వంతులవారీగా ఇళ్లలో కలుసుకునేవారు. ఆ ఆదివారం వంతు మెలానియాది. భర్త పోయి ఆరేళ్లయింది. వచ్చినవాళ్లు ఆకలితో వెళ్లకూడదని క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి కుండెడు ఉడికించింది.

వాక్యం చెప్పేది ఒనిసిం. బోధించిన నేరానికి జైలుకెళ్లి వచ్చిన వడ్రంగి, ఒంటరివాడు. మాట తక్కువ, అబద్ధమైతే అసలే ఆడడు.

పాట సగంలో ఉండగా కిటికీ దగ్గరున్న హన్నా అవ్వ మిలీషియా పోలీసు వస్తున్నాడని చెప్పింది. బైబిలు పిండిడబ్బాలోకి పోయింది, కుండ బల్ల మీదికి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అధికారి ఇంతమంది ఎందుకు చేరారని అడిగాడు.

"పెళ్లి," అంది మెలానియా. అలా ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"ఎవరిది?"

"నాదే."

పెళ్లికొడుకెవరని అతను చుట్టూ చూశాడు. ఒనిసిం లేచి నిలబడ్డాడు. నిజమేనా అని అధికారి గద్దించాడు.

"ఆవిడ ఒప్పుకుంటే నాకంతకన్నా ఏం కావాలయ్యా," అన్నాడు ఒనిసిం.

అధికారి నవ్వి, టోపీ తీసి బల్ల ముందు కూర్చున్నాడు. కడుపారా తిన్నాక సారా ఏదన్నాడు. విశ్వాసుల ఇంట సారా ఎక్కడిది? మొదటి మొగుణ్ణి సారాయే మింగిందనీ, రెండోవాడికి దాని వాసన కూడా చూపించననీ మెలానియా తడుముకోకుండా చెప్పింది. అందులో మాత్రం అబద్ధం లేదు.

"నీ పని అయిపోయిందోయ్," అని అధికారి ఒనిసిం భుజం తట్టి, ఎండుపళ్ల పానకమే పైకెత్తి, "చేదు, చేదు," అని అందుకున్నాడు. కొత్త జంట ముద్దుతో తీపి చేసేదాకా అక్కడి పెళ్లిళ్లలో ఆ కేక ఆగదు. హన్నా అవ్వ కూడా గొంతు కలిపింది. ఒనిసిం మొహం కందగడ్డయింది. చివరికి మెలానియాయే అతని చెంప మీద ముద్దుపెట్టింది.

అధికారి వెళ్లాక అందరూ పడీపడీ నవ్వారు. ఒనిసిం మాత్రం ఆమె కడిగిన గిన్నెలు తుడుస్తూ నిలబడ్డాడు.

"ఇంతమంది ముందు అబద్ధమాడావు మెలానియా."

"దేవుడు క్షమిస్తాడులే."

"ఆయనకెందుకా శ్రమ? నిజం చేసేస్తే పోలా?"

అధికారికి అతను చెప్పిన జవాబు అప్పుడు అర్థమైంది ఆమెకు.

"అయితే వచ్చే ఆదివారం మళ్లీ వండాలన్నమాట," అంది.

పెళ్లయి ఏడాది తిరక్కుండానే, బోధిస్తున్నాడని ఒనిసింను మళ్లీ జైలుకు పట్టుకెళ్లారు. విడిచిపెట్టిన రోజున అతను ఊళ్లోకి నడిచొచ్చేసరికి మెలానియా చేలో బీట్‌రూట్ తవ్వుతోంది. మట్టిచేతులతోనే పరుగెత్తింది.