ఉడత పుస్తకంలో చివరి పేజీ

మా గ్రంథాలయంలో పిల్లల విభాగం వెనక ఒక చిన్న గది ఉంది. అందులో జిగురు డబ్బాలుంటాయి, చిరిగిన పుస్తకాలుంటాయి, నేనుంటాను. పిల్లలు నన్ను జిగురు అమ్మమ్మ అంటారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి కూడా తిరగను.

పిల్లల పుస్తకాలు బాగుచేయడమంటే మాటలు కాదు. నమిలినవి, నీళ్ళల్లో ముంచినవి, సింహానికి పెన్నుతో కళ్ళజోడు పెట్టినవి, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. వాటి మీద నాకు కోపం లేదు. నమిలిన పుస్తకమంటే ఎవరో దాన్ని తెగ ఇష్టపడ్డారన్న మాట. కానీ పేజీ పోయిన పుస్తకాన్ని మాత్రం సహించలేను. అందరూ ఫొటోకాపీ తీసి అంటించేస్తారు. నేను ఇంకో శాఖ నుంచి అదే పుస్తకం తెప్పించుకుంటాను. పలచటి కాగితం మీద బొమ్మ దించుకుని, రంగులు వేసి, అక్షరాలు అచ్చులా రాసి, పాత కుట్టులోనే కలిపి కుడతాను. సగం కథ ఈ గది దాటి వెళ్ళకూడదు. ఈ రూలు ఎవరు పెట్టారని అడిగితే, నేనే పెట్టాను.

ఉడత పుస్తకం అలాగే వచ్చింది. అమ్మ ఉడత గింజల కోసం బయటికెళ్తుంది. పిల్ల ఉడత ఇల్లు చూసుకుంటుంది. ఒక పేజీలో ఊడుస్తుంది, ఒక పేజీలో పక్క సర్దుతుంది, ఒక పేజీలో తన గింజలో సగం అమ్మకని దాచిపెడుతుంది. చివరి పేజీలో తలుపు చప్పుడవుతుంది, అమ్మ వచ్చేస్తుంది. అంతే కథ. ఎవరో ఆ చివరి పేజీని పరపరా చింపేశారు.

పదకొండు రోజులు కూర్చుని మళ్ళీ తయారుచేశాను. ఒక్క అమ్మ ఉడత తోకకే రెండు రోజులు పట్టింది. అసలుదాని పక్కన పెడితే ఏది ఏదో నేనే తడుముకునేలా వచ్చింది. నా వీపు నేనే తట్టుకున్నాను, ఇంకెవరు తడతారు?

మూడు వారాలకి పుస్తకం మళ్ళీ నా బల్ల మీద ఉంది. మళ్ళీ ఆ పేజీయే లేదు. ఈసారి బ్లేడుతో మొదలంటా కోసేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కౌంటరు దగ్గర ఉండే ఆమెని మేం 'ష్' అంటాం, రోజుకి వందసార్లు ఆమె అనేది అదే గనక. ఆమె రిజిస్టరు చూసి, "రెండుసార్లూ ఒక్కరే తీసుకెళ్ళారు. లిఫ్టులు బాగుచేసే ఆయన. ప్రతి శనివారం కూతుర్ని తీసుకొస్తాడు" అంది.

శనివారం కోసం కాచుకున్నాను. మనిషి ఆజానుబాహువు. గోళ్ళలో గ్రీసు నలుపు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు చెవులదాకా వచ్చేలా ఇరుక్కుని కూర్చుని, ఐదారేళ్ళ కూతురికి మొసలి పుస్తకమేదో చదువుతున్నాడు. చదవడమంటే మామూలుగా కాదు. మొసలికి జలుబు చేసిందట, ముక్కుతో మాట్లాడుతోంది. ఒకళ్ళొకళ్ళుగా పిల్లలందరూ చుట్టూ చేరారు. తుమ్ము దగ్గరికొచ్చేసరికి అందరూ విరగబడి నవ్వారు. 'ష్' కూడా ష్ అనడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది. నాకూ నవ్వొచ్చింది. నేను వేసిన ఉడత తోక గుర్తుతెచ్చుకుని బలవంతాన కోపం తెచ్చుకున్నాను.

పిల్ల చాప మీద ఇంకో పుస్తకంలో పడ్డాక అతన్ని నా గుమ్మం దగ్గరికి పిలిచాను.

"ఏమయ్యా, పేజీలు కోసుకుపోవడానికి ఇదేమన్నా గోడ క్యాలెండరా? అసలు చివరి పేజీలో ఏముందో తెలుసా నీకు? తల్లి ఇంటికొస్తుంది! అదే లేకపోతే ఆ పిల్ల ఉడత జీవితమంతా అలా ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందేనా?"

నా గొంతు మామూలుగానే మైకు. కోపమొస్తే ఇక చెప్పక్కర్లేదు. అతను ముందు వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. పిల్ల పేజీలు తిప్పుకుంటోంది.

"తెలుసమ్మా," అన్నాడు, నాకే సరిగా వినపడనంత మెల్లగా. "తెలిసే తీసేశాను. మా ఆవిడ పోయి ఐదు నెలలైంది. అమ్మ ఊరెళ్ళిందని పాపకి మావాళ్ళు చెప్పారు. నిజం నేను చెప్పాలి. రోజూ చెబుదామనే కూర్చుంటాను, నోరు పెగలదు. పడుకునే ముందు ఈ పుస్తకమే కావాలని పేచీ. ఎందుకో తెలీదు. చివర చూస్తే తల్లి వచ్చేస్తోంది. అది చదివాక, మరి మన అమ్మెప్పుడొస్తుందని అడిగితే నేనేం చెప్పను? చింపేసి, రోజుకొకటి కల్పిస్తున్నా. ఒకరోజు ఉడత సైకిలు నేర్చుకుంటుంది, ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తారు. ఎలాగో నెట్టుకొస్తుంటే, మళ్ళీ తీసుకెళ్ళినప్పుడు ఆ పేజీ మళ్ళీ ఉంది. దారిలోనే చూశాను కాబట్టి సరిపోయింది."

ఆ పేజీని పదకొండు రోజులు కూర్చుని అతని ఇంటికి పంపింది నేను. వీపు కూడా తట్టుకున్నాను.

అతను పర్సులోంచి మడిచిన కాగితాలు రెండు తీసి నా చేతిలో పెట్టాడు. ఒకటి అసలుది, ఒకటి నాది. "పారేయడానికి మనసు రాలేదు. తప్పు నాదే. ఇంకోసారి మాత్రం బాగుచేయకండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

ఆ రెండు పేజీలూ సొరుగులో పెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి సగం కథని నా చేత్తో అలమరలో సర్దాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ పిల్ల నా అరుపు విందా, విని ఇంటికెళ్ళి ఏమడిగింది? వారమంతా ఇదే గోల. సూది వేలికి గుచ్చుకుంటోంది, జిగురు ఒకచోట రాయబోయి ఇంకోచోట రాస్తున్నాను.

శనివారం అతను కౌంటరు దగ్గర ఉడత పుస్తకానికి ముద్ర వేయించుకుంటుంటే, పిల్ల నా గదిలోకి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"జిగురు అమ్మమ్మా, ఆ పేజీ మీ దగ్గరుందా?"

"ఏ పేజీ తల్లీ?"

"అమ్మ ఉడత వచ్చే పేజీ."

విననే విన్నది. నా నోరు పడిపోతే బాగుండేదనిపించింది. "ఆ రోజు నేనరిచింది విన్నావా?"

"నాకు ముందే తెలుసు. నాన్నకి రాత్రి డ్యూటీ ఉంటే అమ్మ ఇదే చదివేది. చివర్లో మంచం మీద టక టక కొట్టేది, తలుపు చప్పుడన్న మాట. అప్పుడు నేను 'ఎవరూ?' అనాలి. అమ్మ 'నేనే' అనేది."

ఇవ్వాలో వద్దో ఆలోచించే తెలివి నాకు లేకపోయింది. సొరుగు తీసి రెండు పేజీలూ బల్ల మీద పరిచాను. నేను రెండు రోజులు వేసిన తోక వైపు పిల్ల కన్నెత్తి కూడా చూడలేదు. చిరిగిన పేజీ మూల పాల మరక ఉంది. దాని మీద వేలు పెట్టి, "ఇది మాది" అంది.

దగ్గరికి జరుపుకుని, అక్షరాల కింద వేలు నడుపుతూ చూడకుండానే చదివేసింది. తర్వాత బల్ల మీద టక టక కొట్టింది. "ఎవరూ?" అని తనే అడిగింది. అడిగి ఆగింది.

'నేనే' అందామనుకున్నాను. కానీ ఆ మాట అనడానికి నేనెవర్ని? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పోయిన పేజీలన్నీ తెచ్చి అతికించినదాన్ని, ఒక్క మాట అతికించలేక ఏడుస్తూ కూర్చున్నాను. పిల్ల నన్ను చూసి, పేజీని నా వైపు తోసింది.

"ఇంటికి తీసుకెళ్తావా అమ్మా?" అన్నాను.

"వద్దు. ఇక్కడే ఉంచండి. నాన్నకి చూపించకండి."

"ఎందుకని?"

"చివర్లో ఏముందో తెలుసా అని మీరడిగారు కదా. నాన్నకి తెలీదు. అందుకే రోజుకో రకంగా చెబుతాడు. తప్పు చెబుతున్నావని నేననను." కౌంటరు దగ్గర తండ్రి వీపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఈ పేజీ చూస్తే, మా అమ్మ కూడా వచ్చేస్తుందనుకుంటాడు."