అబద్ధం ఓర్వని రేకు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయడం, యంత్రానికి నూనె చూడడం, పల్చటి రేకుని చట్రంలో నాలుగు వైపులా బిగించడం. పదమూడేళ్లుగా ఆపరేటరమ్మకి ఇదే పని. అచ్చులుండవు, సుత్తులుండవు. గుండ్రటి మొన ఉన్న ఉక్కు కడ్డీ రేకు మీద చుట్టూ తిరుగుతూ, చుట్టు చుట్టుకీ వెంట్రుకవాసి లోతుకి నొక్కుతుంది. వందల చుట్లు తిరిగేసరికి చదును రేకు కారు బానెట్టవుతుంది, గిన్నెవుతుంది, ఏది కావాలంటే అదవుతుంది.

ఆ రేకులకి ఒక్కటే గిట్టదు. మొన తిరుగుతుండగా దగ్గర్లో ఎవరైనా అబద్ధమాడితే రేకు చిరిగిపోతుంది. అందుకే ఫోను మోగగానే ఓనరు వీధిలోకి పరిగెత్తి, "బయల్దేరిపోయిందండీ మీ సరుకు, దార్లో ఉంది" అని అక్కణ్ణుంచి చెప్పేవాడు. దాన్నెవరూ వింతగా చూడలేదు.

ఈసారి చట్రంలో ఉన్నది టైటానియం రేకు. ఆపరేటరమ్మ కూతురి తలకి.

పదకొండేళ్ల పిల్ల. రెండు నెలల కిందట మేడమీంచి పడింది. పగిలిన పుర్రె ముక్క తీసేశారు. అప్పట్నుంచీ అక్కడ మెదడుకి చర్మం ఒక్కటే కప్పు. ఇప్పుడా చోటు లోపలికి కుంగుతోంది. తడబడుతూ వచ్చిన మాట నిన్నటితో ఆగిపోయింది. "రేపు పొద్దున్నకల్లా పలక పెట్టాలి. ఆ తర్వాతైతే నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు.

ఉన్నవి రెండే రేకులు. మొదటిది నిన్న పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన అత్తగారు యంత్రం పక్కన కూలబడి ఏడుస్తుంటే, "ఊరుకోండి అత్తయ్యా, ఎవరి తప్పూ కాదు" అంది ఆపరేటరమ్మ. రేకు పర్రున చిరిగింది.

"చూశావా, తప్పు నాదేనని రేకే చెప్పింది" అంది ముసలావిడ.

కోడలు చిరిగిన రేకుని చట్రంలోంచి విప్పసాగింది.

ఇవాళ రెండో రేకు ఎక్కింది. ఓనరు బతిమాలాడు. "పెద్దమ్మా, బయట కూర్చుందాం రండి."

"నా మనవరాలి తల తయారవుతోంది. నేను కదల్ను."

మధ్యాహ్నానికి మొన కణత దగ్గరి నిలువు అంచుకి చేరింది. రేకు అన్నిటికంటే పల్చబడేది అక్కడే. మధ్యలో ఆపితే ఆకారం చెడుతుంది. అప్పుడు అత్తగారు తనలో తనే గొణిగింది. "ఆ రోజు మేడ తలుపు గడియ నేనే పెట్టలేదు. నా చేతులారా చంపుకుంటున్నాను."

రేకు మూలిగింది. తెలిసి అన్నా, తెలియక అన్నా దానికి ఒకటే. కణత దగ్గర తెల్లటి గీత పడి పాకసాగింది.

"గడియ మీరు పెట్టారు అత్తయ్యా!" అని అరిచింది ఆపరేటరమ్మ. "తీసింది నేను. వానలో బట్టలు తెమ్మని పంపింది నేను. జారుతోందమ్మా, వెళ్లనంటే కసిరింది నేను!"

గీత ఆగింది. మొన దాని మీదుగా తిరిగి వెళ్లిపోయింది.

"రెండు నెలలు" అంది అత్తగారు. "రెండు నెలలు నన్ను చూస్తూ ఊరుకున్నావు. ఎందుకే?"

"మీ అబ్బాయి నా మొహం చూడడని. మీరెలాగూ మీదేసుకున్నారు కదా అని."

రేకు చలించలేదు. ముసలావిడ లేచి చెయ్యెత్తింది. తిరుగుతున్న మొన వైపు చూసి దించేసింది.

"ఇంకా ఎంతసేపు?"

"గంట."

"కానియ్."

ఆ గంటా గోడ వైపు తిరిగి నిలబడింది.

పలక ఎముకలో ఎముకలా కూర్చుంది. నాలుగోరోజు పిల్ల కళ్లు తెరిచి, మాటలు కూడదీసుకుంటూ అడిగింది.

"నేనెలా పడ్డానమ్మా?"

ఆ ఆస్పత్రి గదిలో చట్రం లేదు, మొన లేదు. ఏం చెప్పినా చెల్లుతుంది. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆపరేటరమ్మ మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది.

"నేనే పంపాను తల్లీ, మేడమీదికి. వానలో. నువ్వు వద్దన్నా."

పిల్ల తల్లి మొహంలోకి చూసింది.

"మరి బట్టలు తడిశాయా?"

"అన్నీ తడిశాయి."

అత్తగారు కిటికీ నుంచి తల తిప్పకుండానే, నాలుగు రోజుల్లో మొదటిసారి కోడలితో మాట్లాడింది.

"దానికి కాసిని మంచినీళ్లు పట్టవే. గొంతు ఎండిపోయుంటుంది."